కత్తి కింద పెచ్చు

కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు రెప్పపాటులో ఉబ్బే సంచి ఉంటుందే, దాని గుడ్డ ఆ ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఉత్త గుడ్డ గాలిని ఆపదు. అందుకని దాని మీద సిలికాన్ పోసి, పొడవాటి కత్తితో గీకి, ఉల్లిపొరంత పూత మిగులుస్తారు. పూత మందమైతే సంచి మడత పడదు, మరీ పలచనైతే గాలి నిలవదు. ఆ కత్తి దగ్గర నిలబడి నిలబడి నడుము పోగొట్టుకున్నవాణ్ణి, యాభై నిండకుండానే అందరూ పెద్దాయన అంటారు.

మేస్త్రీ కుర్చీ ఖాళీ అయింది. ఈ వారం సరుకు మచ్చ లేకుండా వెళితే అది నీదేనన్నాడు మేనేజరు. కూర్చుని చేసే పని. పెద్దాయన నడుము కోరుకునేది అదొక్కటే.

వారంలో చివరి గుడ్డ చుట్ట దింపి కత్తి తుడుస్తుంటే, అంచు కింద గోరంత ఎండిన సిలికాన్ పెచ్చు కనిపించింది. టీ తొందరలో కత్తి తుడవకుండా వెళ్లి, వచ్చాక అలాగే గుడ్డ మీదికి దించింది తనే. చుట్ట పొడవునా వెంట్రుకవాసి గీత పడింది. ఆ గీత మీద పూత లేనట్టే.

తనిఖీ బల్ల దగ్గర భార్య తమ్ముడు అప్పటికే పచ్చ చీటీ అంటించేశాడు.

"ముక్క కోసి గాలి మిషన్లో పెట్టాను బావా. పాసయింది."

"నువ్వు కోసింది అంచున. గీత నడిమధ్యనుందిరా."

"ఉంటే ఉండనీ. జన్మకోసారి ఉబ్బే సంచి, అదీ ఖర్మ కాలితే. నువ్వు మేస్త్రీవైపోయావని అక్కకి చెప్పేశాను కూడా. నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకుంటావా?"

పెద్దాయన గీత ఉన్నచోట గుడ్డను పెదాలకు ఆనించి ఊదాడు.

"వెనక చెయ్యి పెట్టు."

బావమరిది పెట్టాడు. సన్నగా తగిలింది. చెయ్యి తీసేశాడు.

"ఇంత గాలికి ఏమవుద్ది?"

"ముందు సీట్లో కూచునేవాణ్ణి అడుగు."

"వాడెవడో మనకేం తెలుసు?"

"వాడికీ మనం తెలీదు. అయినా మన గుడ్డని నమ్ముకునే కూచుంటాడు."

చీటీ పీకితే మళ్లీ అంటిస్తారు. అందుకని పెద్దాయన కత్తెర తీసుకుని, ఇక సంచికి పనికిరాకుండా చుట్టను అడ్డంగా కోసేశాడు.

మేనేజరు నిజాయితీని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలుకి కుర్చీ ఉండదు కాబట్టి కుర్చీని బావమరిదికి ఇచ్చాడు.

కొత్త మేస్త్రీ మొదటి రోజే కూర్చున్నచోటి నుంచి కేకేశాడు.

"బావా, కత్తి తుడిచాకే టీకి వెళ్లు!"

పెద్దాయన నడుము మీద ఓ చెయ్యి వేసుకుని, రెండో చేత్తో కత్తి తుడిచాడు. ఆ మాట మాత్రం తప్పు కాదు మరి.