చేతికి గంట

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకుని చదవండి. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, చర్చిలో. రాయడం ఇప్పటికీ నత్త నడకే.

హుద్‌హుద్ తుపాను వెళ్లిన నెలలో నా తలలో ఒక నరం మూసుకుపోయింది. విజయనగరం ఆస్పత్రిలో బతికించారు. నడక వచ్చింది, మాట వచ్చింది. కుడి చేతికి మాత్రం వేడీ, నొప్పీ తెలియడం మానేశాయి. అట్లకాడ తగిలి తోలు కమిలినా, వాసన వస్తే గాని నాకు తెలియలేదు.

"చేతిలో లోపం లేదమ్మా. ఆ కబురు అందుకునే చోటే మెదడులో దెబ్బతింది" అన్నారు డాక్టరుగారు.

అంతలో మా అమ్మాయి షీబా పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. వీధిలో ఎందరి పిల్లలనో కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసినదాన్ని, సొంత మనవరాలికి పోయకుండా ఉంటానా? స్టీలు బకెట్లో చెయ్యి పెట్టి చూశాను.

"బాగున్నాయి, పాపని తే."

షీబా వేలు ముంచి ఉలిక్కిపడింది. "అమ్మా! సలసలా కాగతన్నాయే!" పాపని గుండెకి అదుముకుంది. "ఇంక నువ్వు పొయ్యొద్దు."

ఎడం చేతికి వేడి బాగానే తెలుసు. దానితో చూడటం అలవాటు చేసుకుందామని, పాప లేకుండా ఉత్త బకెట్ ముందు కూర్చునేదాన్ని. ప్రతిసారీ కుడి చెయ్యే ముందు పోయేది. ఇన్నేళ్ల అలవాటు మరి.

పక్కింటి దేముడమ్మ గోడ మీంచి చూసి నవ్వింది. "దొంగగొడ్డుకి కట్టినట్టు ఆ సేతికో గంట కట్టీయే, అప్పలమ్మా!"

నాకూ నవ్వొచ్చింది. షీబా నవ్వలేదు. పెట్టెలోంచి తన స్టీలు గాజు తెచ్చింది.

"మీ నాన్న పోయాక నాకు గాజేటే? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. పాప కాలితే ఊరొచ్చి ఏడుస్తాదేటి?"

తొడిగించుకున్నాను. మర్నాడు కుడి చెయ్యి ఎప్పటిలాగే ముందుకు పోయింది. బకెట్ అంచుకి గాజు తగిలి ఖంగుమంది. ఆగాను. ఎడం చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

"సన్నీళ్లు పొయ్యే."

షీబా చన్నీళ్లు పోసింది. మళ్లీ ఎడం చేత్తో చూశాను. "ఇప్పుడు సూడు."

షీబా వేలు ముంచింది. పాపని తెచ్చి నా కాళ్ల మీద పడుకోబెట్టింది. గాజు ఒరుసుకోకుండా మోచేతి దాకా నెట్టుకుని, పాప వీపు మీద మొదటి చెంబు పోశాను.

ఇది రాస్తుంటే గాజు బల్లకి తగిలి చప్పుడవుతోంది. పాప అటే చూస్తోంది.

అప్పలమ్మ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది శృంగవరపుకోట.