ఎడమ కిడ్నీ కొట్టిన పది గంటలు

తొంభై నాలుగులో మా సైన్స్ కాలేజీలో గోడ గడియారం ఎవరూ చూసేవాళ్లు కాదు. అటెండర్ లక్ష్మీనర్సయ్య ఉన్నాడుగా. ఆయన కుడి కిడ్నీ గంట గంటకూ లోపల్నించి నడుం మీద తట్టేది. ఆయన బీడీ ఆర్పి, లేచి, వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో కొట్టేవాడు. ఆ మోతకే మేం క్లాసుల్లోంచి బయటపడేవాళ్లం. ఫిజిక్స్ సుందరరావు సారు తన వాచీని ఆ గంటకే సరిచేసుకునేవాడు. ఎంత హాయి రోజులో అవి.

ఎడమ కిడ్నీ మాత్రం చిన్నప్పటి జబ్బుకు సగం చెడి, ఏ పనీ ముట్టకుండా పడుండేది. అన్న చూసుకుంటున్నాడు కదా అని కాబోలు.

ఆ వానాకాలం కుడిదాంట్లో గడ్డ లేచింది. కిడ్నీనే కోసి తీసేశారు.

"ఉన్న ఒక్కటీ చాలదు. నెల చూద్దాం, లేదంటే ఇంకొకటి పెట్టాలి" అన్నాడు డాక్టరు.

"నాది దీస్కోండ్రి" అంది ఆయన భార్య బుచ్చవ్వ. పరీక్షలు చేసి, సరిపోతుందన్నారు. తారీఖు కూడా వేశారు. ఆమెను కోతకు పంపాలంటే లక్ష్మీనర్సయ్యకు ప్రాణం పోయినంత పనైంది.

నడవగలిగిన రోజే డ్యూటీకి వచ్చేశాడు.

"నా వాచీ పెట్టుకో నర్సయ్యా" అన్నాడు సుందరరావు సారు.

"ఒద్దు సార్. ఎడమదానికి పని చెప్పిన. నేర్చుకోవాలె గదా అది."

మొదటి రోజు పది గంట పదీ నలభైకి మోగింది. అప్పటిదాకా మేం థర్మోడైనమిక్స్ మింగుతూ కూర్చున్నాం, ఒక్కరు నోరెత్తితే ఒట్టు. వారానికి ఆలస్యం పాతిక నిమిషాలకు దిగింది. తర్వాత పన్నెండుకు. ఆయన చెంబెడు నీళ్లు తాగి, ఎడమ పక్క నిమురుకుంటూ బతిమాలేవాడు.

"జర జల్ది గానీ బిడ్డా. మీ అవ్వను కోస్తరట."

ఆస్పత్రిలో చేరాల్సిన సోమవారం వచ్చింది. పది గంట కొట్టొస్తానని ఆయన కాలేజీకి పోయాడు. కాలేజీ గంట వినబడే దూరంలోని తార్నాక క్వార్టర్లో బుచ్చవ్వ రెండు చీరలు, చెంబు సంచిలో పెట్టుకుని గడప మీద కూర్చుంది. పక్కింటి అమృతమ్మ గడియారం పది కొట్టడం మొదలుపెట్టింది. దాని మొదటి దెబ్బతోపాటే కాలేజీ గంట కూడా మోగింది. రెండూ కలిసి పదీ కొట్టాయి.

బుచ్చవ్వ లేచి, చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసింది. చెంబు నిండా మంచినీళ్లు పట్టి, ఆయన కోసం చూస్తూ నిలబడింది.

ఆస్పత్రికి ఇద్దరూ చేతులూపుకుంటూ వెళ్లారు. ఆ పూట రక్తపరీక్ష కాయితం చూసి, కోత అక్కర్లేదని డాక్టరు చెప్పబోతుంటే ఆమె అడ్డు తగిలింది.

"ఎరుకే సార్. పొద్దుగాలనే విన్న."