జనుముకాయల బంతి

కన్నకూతురికి తన గొంతు వినబడదేమోనన్నదే బుల్లెమ్మ భయం, ఆ భయానికి ఇంకేదైనా పేరు పెట్టుకుందామని చూసింది గాని కుదరలేదు, ఒళ్ళో బొమ్మలున్నాయి, తను కుట్టినవే, ఎర్రంచు ముక్కతో చేసిన పిట్ట, బూరుగుదూది కూరింది, అదిమితే పసిబుగ్గలా లోపలికి పోతుంది, ఇంకోటి తెల్లటి బంతి, లోపల ఎండిన జనుముకాయలు, కదిపితే గలగలమంటుంది, ఏది ముందు చూపించాలి, పిట్టనైతే చూస్తుంది, ఎరుపు కనబడితే చాలు ఉయ్యాల్లో చిన్నమ్మాయి కాళ్ళు తన్నుకుంటుంది, కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి, అందుకే బంతి, అందుకే తలవైపు నిలబడి, నీడ పడకుండా.

ఈ కుట్టు ధవళేశ్వరంలో దొరసాని బడిలో నేర్చుకున్నది, రెండో పుస్తకం సగంలో ఉండగా పెళ్ళన్నారు, మిగతా సగంలో ఏముందో ఇప్పటికీ తెలియదు, బొమ్మలకు కొత్తగుడ్డ వద్దే, పసిదానికి నలుగుర్ని కని బతికించుకున్న తల్లి చీర తగలాలి, ఆయుష్షు, అని అత్తగారు మహాలక్ష్మమ్మ పొరుగింటి అచ్చాయమ్మ పాతచీర అడిగి తెచ్చింది, అత్తగారంటే ఆనకట్ట కట్టిన ఏడు పుట్టిన మనిషి, ఆవిడ మాటకు ఇంట్లో ఎదురుండదు, చెవుడేంటే నీ మొహం, నేను దంపుతుంటే పోటుపోటుకీ ఉలిక్కిపడట్లేదూ, చదువు సగమే వచ్చినా అనుమానాలు మాత్రం నీకు పూర్తిగా వచ్చాయమ్మా, అని నవ్వింది, నిజమే, ఉలిక్కిపడుతుంది, ఇదిగో ఇప్పుడూ వసారాలో రోకలి పడింది, చీర ఉయ్యాల్లో చిన్న చేతులు రెండూ పైకి లేచాయి, మళ్ళీ పడింది, మళ్ళీ లేచాయి, దేవుడా, వినబడుతోంది, వినబడుతోంది, బుల్లెమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, పిల్లను ఎత్తి భుజాన వేసుకుంది.

రోకలి పడింది, భుజం మీద పిల్ల కదల్లేదు, నిద్రా, కాదు, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఇంకో పోటు, కదల్లేదు, అత్తయ్యా కాస్త గట్టిగా దంపండి, ఇంకెంత గట్టిగానే, రోలు పగలాలా, దభీమని పడింది, పిల్ల తల్లి మెడలో పసుపుతాడు పట్టుకుని ఆడుకుంటోంది, బుల్లెమ్మ రెండో చెయ్యి గుమ్మం పక్క నిట్రాట స్తంభం మీద వేసింది, రోలు ఆ నిట్రాట మొదట్లోనే ఉంది, పోటు పడినప్పుడల్లా కర్ర అరచేతిలో వణికింది, నిట్రాట మీద దూలం, దూలానికి ఉయ్యాల, ఇన్నాళ్ళూ పిల్లకు తగిలింది చప్పుడు కాదు, అదురు, అత్తయ్య అబద్ధమాడలేదు, ఇంట్లో అందరూ కళ్ళారా చూసిందే, పిల్ల ఉలిక్కిపడటం, సాయంత్రం పొలం నుంచి ఆయన వచ్చి గుమ్మంలోంచే, ఏమ్మా చిన్నమ్మాయ్, నాన్నొచ్చాడే అంటే కేరింతలు కొట్టడం, అదీ మొహం చూసే, మీసం చూసే, ఆయనకు ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి.

చెవి వెనక బంతి ఆడించింది, లేదు, కాలువలో పడవవాడు బూర ఊదాడు, గట్టు మీది కొంగలు లేచిపోయాయి, లేదు, వినబడట్లేదా, చెవుల్లో ఏం పెట్టుకున్నావ్ అని బడిలో పంతులమ్మ కసిరేది, అప్పుడు పిల్లలంతా నవ్వేవారు, రేపు దీన్ని చూసి నవ్వుతారు, బంతి పిల్ల చేతికిచ్చింది, చిన్నవేళ్ళు నొక్కాయి, గుడ్డ కింద కాయలు చిటుక్కుమన్నాయి, పిల్ల ఆగి, తన వేళ్ళనే చూసుకుని, మళ్ళీ నొక్కి, బోసినోటితో నవ్వింది, ఆ నవ్వు ఏ చప్పుడుకూ కాదు, వేళ్ళకింద పగిలిన కాయకు, చిన్నమ్మాయ్ అంది బుల్లెమ్మ, అమ్మా అంది, నా తల్లీ అంది, పిల్ల బంతినే చూస్తోంది, ఏంటే, పిలుస్తుంటే పలకవేంటే అని వసారాలోంచి అత్తయ్య కేకేసింది, బుల్లెమ్మకు పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ గొంతు బొంగురుపోయేదాకా పాడిన జోలలు గుర్తొచ్చాయి, అవన్నీ ఈ ఇంట్లో తనొక్కతే విన్నది.

ఆత్రేయపురం కాలువగట్టు మీదుగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే, దారిలో రోకలిచప్పుడు వినబడే ఆ ఇంట్లోకి ఒక్కసారి వెళ్ళి రండి, పిల్లకేం ఫరవాలేదు, పాలు తాగి నిద్రపోతూ ఉంటుంది, తల్లి ఎలా ఉందో చూడండి.