సెలవు దొరకని నీడలు

రండి, దగ్గరికి జరగండి. ఆ చివర నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి. చాప చాలకపోతే చెప్పులు కిందేసుకుని కూర్చోవచ్చు. గోడ వైపున్నవాళ్ళు ఆ ముల్లంగి ముక్కల బుట్టని తన్నకండి, తర్వాత మాట పడేది నేను. కొండ మీద బడి కనిపిస్తోందా? ఇప్పుడు గడ్డి మొలిచిపోయింది గానీ, ఒకప్పుడు అక్కడ ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునేవారు. వాళ్ళ కథే ఇది.

తెల్లారగానే ఊరంతటికీ కొండ మీంచి ఈల వినిపించేది. అది కెప్టెన్ కూ రుయ్‌ఫెన్ అనే ఆవిడ ఈల. ఆ రోజుల్లో మన దగ్గర పెద్ద బళ్ళకి సైన్యం నుంచి అధికారులు వచ్చేవారు. పిల్లలకి కవాతు నేర్పడం, తుపాకీ పట్టుకోవడం నేర్పడం, హాస్టల్ చూసుకోవడం వాళ్ళ పని. ఈల మోగేసరికి దుప్పట్లు టోఫు ముక్కల్లా అంచులు తేలేలా మడిచిపెట్టాలి. గంజి తాగి, బెల్టు బిగించి, మైదానంలో వరుస కట్టాలి. జెండా ఎగరాలి, కవాతు జరగాలి. చివర రుయ్‌ఫెన్ "డిస్మిస్" అంటే పిల్లలు ఒక్కసారి సెల్యూట్ కొట్టి, అప్పటిదాకా బిగపట్టిన నవ్వులన్నీ వదిలేసి పరిగెత్తేవారు.

ఆ మైదానానికి ఒక పద్ధతి ఉండేది. అటెన్షన్ అని నిలబెట్టిన గొంతే డిస్మిస్ అని కూడా చెప్పాలి. చెప్పకపోతే పిల్లలు వెళ్ళిపోతారు గానీ వాళ్ళ నీడలు వెళ్ళవు, అక్కడే వరుసలో నిలబడి ఉంటాయి. రుయ్‌ఫెన్‌కి ముందున్న అధికారి ఒకాయన కవాతు మధ్యలో పంటి నొప్పి తట్టుకోలేక బజారుకి పరిగెత్తాడట. ఆ రాత్రంతా నీడలు వానలో తడిశాయి. మర్నాటి నుంచి వాటి తాలూకు పిల్లలందరికీ తుమ్ములే తుమ్ములు.

ఇంకో సంగతి కూడా ఉంది. నీడ మనిషిని వదిలి అక్కడ బిగుసుకుని నిలబడి ఉన్నంతసేపూ ఆ మనిషికి బిగువు ఉండదు, మనసులో ఉన్నది నోట్లోకి వచ్చేస్తుంది. ఆ పంటి నొప్పి రోజునే ఒకమ్మాయి లెక్కల మాస్టారి దగ్గరికెళ్ళి, మీరు చెప్పేది మీకే అర్థం కావట్లేదండీ అని నిదానంగా చెప్పి వచ్చింది. ఆయన కాసేపు ఆలోచించి, నిజమేనమ్మా అన్నాడట.

అందుకే రుయ్‌ఫెన్ ఎప్పుడూ డిస్మిస్ మరిచిపోలేదు. అసలు ఆమె ఏదీ మరిచిపోయే మనిషి కాదు. అయితే ఆ ఏడు చలికాలం వెళ్తున్న రోజుల్లో ఆమెకి కాలు ఒకచోట నిలవడం మానేసింది. వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకి నడిచేది. టీ కలుపుకుని తాగకుండా వదిలేసేది. తాళం వేసిన గదికి మళ్ళీ వెళ్ళి తాళం లాగి చూసేది.

ఆమెకి యూతోంగ్ అని ఐదేళ్ళ కూతురుంది. భర్త సరుకు ఓడ మీద పనిచేస్తాడు, ఎప్పుడు ఏ రేవులో ఉంటాడో తెలియదు. పిల్ల రాజధాని తైపే పక్కన సాన్‌చోంగ్‌లో నానమ్మ దగ్గర పెరుగుతోంది. ఆదివారం ఫోన్ చేస్తే నానమ్మ రిసీవర్ ఇచ్చి, "అమ్మతో మాట్లాడు" అనేది. పిల్ల మాత్రం, "నమస్తే మేడమ్" అనేది. యూనిఫాం వేసుకున్న ఫోటో చూసి అలవాటైన పిలుపు అది. మొదట్లో రుయ్‌ఫెన్‌కి నవ్వొచ్చింది. తర్వాత తర్వాత ఆదివారం వస్తోందంటే భయం పట్టుకుంది.

తైపేకి బదిలీ అడిగింది. జిల్లా కార్యాలయంలో ఆమె పై అధికారి కర్నల్ షు కాదనలేదు. ఆ ఏడే సైనికాధికారుల కళాశాలలో ఆడపిల్లల్ని కొత్తగా చేర్చుకుంటున్నారు. మీ బడి నుంచి ఒక్క మంచి పిల్లని పంపించు, నీ బదిలీ నేను చూసుకుంటాను అన్నాడు.

మంచి పిల్ల అంటే ల్యావ్ వెన్‌చిన్. కర్ర తుపాకీని గాల్లోకి విసిరి, అది తిరిగి చేతిలో పడేదాకా కన్ను కూడా ఆర్పని పిల్ల. వాళ్ళ నాన్నకి వెనక కొండ మీద పర్సిమన్ పళ్ళ తోట ఉంది. రుయ్‌ఫెన్ తోటకెళ్ళి అడిగితే ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, మేడమ్ గారు చెప్పాక ఇంకేముంది అన్నాడు. వెన్‌చిన్‌ని అడిగితే మడమలు కలిపి, "అలాగే మేడమ్" అంది.

ఆ "అలాగే" ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. కుడివైపు తిరుగు అన్నా వెన్‌చిన్ అలాగే అంటుంది. ఎండలో గంట నిలబడు అన్నా అలాగే అంటుంది. ఇది ఏ అలాగే? ఇంకోసారి అడిగి చూడాలనిపించేది. అడిగితే ఇంకో మాట వస్తుందేమోనని మానేసేది. వెన్‌చిన్ సంతకం పెట్టాల్సిన దరఖాస్తు కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

ఒక రోజు పొద్దున్నే ఎండ బాగా కాస్తోంది. వంట చేసే మాన్‌మెయ్ అత్త మైదానం పడమటి అంచున ఊరబెట్టడానికి ఉప్పు పట్టించిన ఆవాకు పరిచి ఆరబెట్టుకుంటోంది. ఇవతల కవాతు నడుస్తోంది. మధ్యలో ఆఫీసు గుమాస్తా పరిగెత్తుకొచ్చి కర్నల్ గారి ఫోన్ అన్నాడు. రుయ్‌ఫెన్ వెళ్ళింది. తైపేలో ఖాళీ తేలింది, ఆ పిల్ల కాగితం సాయంత్రం లోపు చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది అన్నాడాయన. ఆమె రిసీవర్ పెట్టేసి సొరుగు తెరిచింది. అందులోనే యూతోంగ్ ఫోటో కూడా ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చుందో, భోజనాల గంట మోగితే గానీ తెలియలేదు.

బయటికొచ్చేసరికి మాన్‌మెయ్ అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా కెప్టెనమ్మా, నీ పిల్లల నీడలు నా ఆకు మీద నిలబడ్డాయి. ఇవి ఎప్పుడు కదులుతాయి, ఇది ఎప్పుడు ఎండుతుంది?"

రుయ్‌ఫెన్ చూసింది. పిల్లలు భోజనానికి వెళ్ళిపోయారు. మిట్టమధ్యాహ్నం ఎండలో పొద్దుటి పొడుగాటి నీడలు వరుసగా, నిటారుగా, మైదానం మీంచి ఆవాకు మీదిదాకా పరుచుకుని ఉన్నాయి.

"క్షమించు అత్తా, ఇప్పుడే పంపించేస్తాను" అంటూ నోరు తెరిచింది. ఆగింది. చేతిలో కాగితం ఉంది. వెనక్కి తిరిగి భోజనశాలకి వెళ్ళింది.

లోపల ఒకటే గోల. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా పులుసులో ఉప్పెక్కువైందని గట్టిగా చెప్తున్నారు. వెన్‌చిన్ మోచేతులు బల్ల మీద ఆనించి, కాళ్ళు ఊపుకుంటూ, ఉడికించిన గుడ్డు తింటోంది. రుయ్‌ఫెన్‌ని చూసి లేవలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది.

"సంతకానికా మేడమ్?"

"అవును. నీకు ఇష్టమేనా?"

"లేదండీ."

రుయ్‌ఫెన్ ఆ చోట్లో కూర్చుంది.

"నాకు తుపాకీ తిప్పడం ఇష్టం. గాల్లో ఉన్నప్పుడు బాగుంటుంది. మిగతాదంతా భయంతో చేస్తాను. మా నాన్నకీ మీరంటే భయమే. ఆయన టోపీ తీసింది అందుకే, మర్యాదకి కాదు" అని గుడ్డు ముగించి, వేళ్ళు తుడుచుకుంది. "నా నీడ తిరిగొచ్చాక అడిగితే మళ్ళీ అలాగే అంటాను మేడమ్. సంతకం కూడా పెట్టేస్తాను. అందుకని ఇప్పుడే చెప్తున్నా."

ఇక్కడ ఆగండి పిల్లలూ. రుయ్‌ఫెన్ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? తొందరపడి చెప్పకండి. మైదానానికి వెళ్ళి ఒక్క మాట అంటే చాలు, నీడ వస్తుంది, సంతకం వస్తుంది, సాయంత్రానికి తైపే వస్తుంది. అందులో అబద్ధం ఆడే పని కూడా లేదు.

ఆమె మైదానానికి వెళ్ళింది. వరుసల ముందు అటూ ఇటూ నడిచింది. కాగితం మడిచింది, విప్పింది. ముందు వరుసలో వెన్‌చిన్ నీడ గీత గీసినట్టు నిలబడి ఉంది. మాన్‌మెయ్ అత్త నీడల కింద నుంచి ఆకు కాడల్ని ఒక్కొక్కటే ఎండలోకి లాగుతూ, ఈమె వైపు చూడకుండానే అంది.

"నిలబడీ నిలబడీ పాపం వాటికీ కాళ్ళు లాగుతాయి గదమ్మా."

రుయ్‌ఫెన్ కాగితాన్ని జేబులో పెట్టేసుకుంది. దాన్ని మళ్ళీ ఆ పిల్ల ముందు తియ్యకూడదనుకుంది. మడమలు కలిపి, గొంతు సవరించుకుని, "డిస్మిస్" అంది.

నీడలన్నీ ఒక్కసారి సెల్యూట్ చేశాయి. తర్వాత నేల మీద నీళ్ళు ఒలికినట్టు భోజనశాల వైపు జారిపోయాయి. వాటి వెనకే ఇంకో నీడ కదిలింది. అది వాటితో వెళ్ళలేదు. గేటు దాటి, బస్సు రోడ్డు వైపు దిగిపోయింది.

రుయ్‌ఫెన్ తన పాదాల దగ్గర చూసుకుంది. నేల ఖాళీగా, తెల్లగా ఉంది. సైన్యంలో చేరిన కొత్తలో ఎవరో అధికారి ఆమెని వరుసలో నిలబెట్టాడు. అప్పటి నుంచి ఆ నీడని అటెన్షన్‌లో నిలబెడుతూ వచ్చింది ఆమె గొంతే, డిస్మిస్ మాత్రం పిల్లలకే గానీ దానికి ఇవాళ్టిదాకా చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఎక్కడికి పోస్టింగ్ అయితే అక్కడికి, అది బిగుసుకునే వెంట వచ్చింది.

"నీది పోయినట్టుందే" అంది మాన్‌మెయ్ అత్త.

"అవునత్తా, పోయింది."

ఆఫీసులో ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఆమె పరిగెత్తలేదు. వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, రిసీవర్ ఎత్తింది. కాగితం బయల్దేరిందా అన్నాడు కర్నల్.

"లేదు సార్. ఆ పిల్లకి ఇష్టం లేదు."

ఇష్టాలతో మనకేం పని, బదిలీ పోతుంది చూసుకో అన్నాడాయన.

"పోనీండి సార్. నాకు పోగుపడ్డ సెలవులన్నీ రేపటి నుంచి వాడుకుంటాను. అవి అయ్యేలోపు రాజీనామా పంపిస్తాను. నా కూతురు నన్ను మేడమ్ అంటోంది."

ఇన్నేళ్ళలో ఆమె నోట "లేదు" అనే మాట ఆయన విని ఎరగడు. చివరికి, సరే మరి, జాగ్రత్తగా వెళ్ళిరా అన్నాడు.

మర్నాడు చిన్న పెట్టెతో కొండ దిగింది. బస్సు ఎక్కబోతుంటే డ్రైవరు, నిన్న మధ్యాహ్నం మీ నీడని ఎక్కించుకెళ్ళానండీ, కిటికీ పక్కన కూర్చుంది, దారంతా బుద్ధిగానే ఉంది అని చెప్పాడు.

సాన్‌చోంగ్ సందులోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. యూతోంగ్ మెట్ల మీద కూర్చుని ఉంది. దాని ఒళ్ళో తల పెట్టుకుని, కాళ్ళు మెట్ల కిందికి వదిలేసి, నీడ హాయిగా పడుకుని ఉంది. అలా పడుకోవడం తనకి వచ్చని రుయ్‌ఫెన్‌కే తెలియదు. పిల్ల నీడని చూసింది, ఈమెని చూసింది, మళ్ళీ నీడని చూసింది.

"ఇది నీదేనా?"

"నాదే."

"ఎన్ని రోజులుంటావు?"

రుయ్‌ఫెన్ పెట్టె కింద పెట్టి పక్కన కూర్చుంది. సమాధానం కోసం అలవాటు కొద్దీ ఎవరివైపో చూడబోయింది. ఎవరూ లేరు.

"నువ్వు పొమ్మనేదాకా" అంది.

పిల్ల, "అయితే చెప్పను అమ్మా" అంది.

అంతే. ఇక లేవండి. మీ ఇళ్ళల్లో ఎముకల పులుసు పొయ్యి మీంచి దిగినట్టుంది, వాసన ఇక్కడిదాకా వస్తోంది. చల్లారితే బాగోదు. వెళ్ళి వేడివేడిగా తినండి. ఇంటికి డిస్మిస్.