అడ్డంగారి అట్టముక్క

గోడంత తెర కింది అంచుకు అట్టముక్కను టేపుతో అంటించి, అడ్డంగారు ఒక కన్ను మూసుకుని వెనక్కి నడిచారు. ఆరో అడుగులో కుర్చీ ఉంటుందని ఇరవైరెండేళ్ళుగా తెలుసు. అయినా ఇవాళ కూడా కాలికి తగిలించుకున్నారు.

వీడియో గేముల్లో బొమ్మలు మాట్లాడే మాటలు తెర మీద ఎక్కడ కనపడాలో చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆ మాటలుండే పెట్టె కొలతకు అట్టముక్క కత్తిరించుకున్నారు. దాన్ని జరిపినప్పుడల్లా "అడ్డం... అడ్డం" అని గొణుక్కుంటారు కాబట్టి ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. పెళ్ళి ఫొటోల్లో కూడా అత్తగారి ముఖానికి అడ్డమని సగం పక్కకి తప్పుకున్న మనిషి. "పెళ్ళికొడుకెవరని మనవలడిగితే ఈ మోచేతిని చూపించాలి" అంటుంది భార్య.

ఇవాళ ఆయన పదవీ విరమణ. కొత్త గేము కూడా సాయంత్రమే విడుదలకు వెళ్ళిపోతుంది. దాని చివరి సన్నివేశంలో పడవ కదులుతుంటే తల్లి "జాగ్రత్తమ్మా" అంటూ కూతురి చెయ్యి వదులుతుంది. సరిగ్గా ఆ చేతుల మీదే మాటల పెట్టె తిష్ఠ వేసింది. ఆ వదలడం కనపడకపోతే ఆటంతా దండగని అడ్డంగారి ప్రాణం గిలగిలలాడింది.

"ఆటంతా మాటలు కిందే ఉన్నాయి కదండీ, ఇక్కడొక్కచోట పైకెందుకు?" అన్నాడు ఆ గేము డైరెక్టరు.

"ఆవిడ చెయ్యి వదులుతోంది బాబూ. మనం దానిమీద బల్ల వేసుక్కూర్చున్నాం."

"చివరిరోజు కూడా వదలరా?"

"ఒక్కసారి చూడు. తర్వాత నీ ఇష్టం."

అట్టముక్కను పీకి పైన, తెర మీది ఆకాశంలో అంటించి, పెట్టెను అక్కడికి జరిపారు. డైరెక్టరు చూశాడు. మళ్ళీ చూశాడు. ముక్కు చీదుకుని, "ఈ ఏసీ నాకు పడట్లేదు" అన్నాడు. "అక్కడే ఉంచండి."

అంత సంతోషం అడ్డంగారికి పెళ్ళిరోజున కూడా కలగలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పదలుచుకోలేదు.

సాయంత్రం కేకు కోశాక, అందరూ ఆ పడవ సన్నివేశం ఉన్న తెర ముందు ఫొటోకి నిలబడ్డారు. "అమ్మాయ్, నీకు అడ్డమొస్తున్నానా?" అంటూ ఆయన ఓ అడుగు జరిగారు. వెనకాయన కోసం ఇంకో అడుగు. పొట్టి అకౌంటెంటు కోసం మరో రెండు. ఫొటో అయిపోయింది. చప్పట్లు ఆగకముందే టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆ వీడ్కోలు ఫొటో గోడకెక్కింది. ఆయన తప్ప అందరూ ఉన్నారు, ఒక్క ముఖమూ దాగలేదు. డైరెక్టరు అందులో ఆయన కోసం వెతికాడు. ఫొటోలో అందరి తలల వెనక, తెర మీద, ఆకాశంలో, ఎవరికీ అడ్డం రాకుండా ఆ అట్టముక్క.