రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకమ్మ అంటారు. నేర్పే కారులో టీచరు కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని ఆవిడ తొక్కినన్ని సార్లు ఇంకెవరూ తొక్కరని ఎగతాళి. ఎగతాళిని ఆవిడ ఏనాడూ ఖాతరు చేయలేదు. ఈ రోజు మాత్రం ఎదురుగా కూర్చున్నది కన్నతల్లి.

బ్రేకమ్మ తమ్ముడికి బడిపిల్లల వ్యాను నడిపే ఉద్యోగం దాదాపు ఖాయమైంది. మధ్యాహ్నంలోగా శిక్షణ పూర్తయినట్టు కాగితం చూపించాలి. దాని మీద సంతకం పెట్టవలసింది అక్కే. ఏడాదిగా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ ఉన్నవాణ్ణి వెంటబెట్టుకుని అమ్మ పొద్దున్నే వచ్చేసింది.

"ఊరందరికీ పెడతావు, తోడబుట్టినవాడికి చెయ్యి రాదా?"

"ఊరందరూ నేర్చుకున్నాక పెడతానమ్మా."

"నెల రోజుల్నుంచి నడుపుతున్నా కదక్కా, ఒక్కసారైనా గుద్దానా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు గుద్దలేదు నిజమే. నేను గుద్దనివ్వలేదు. నిన్న ఒక్కరోజే పదకొండు సార్లు తొక్కాను."

"నీది మరీ చాదస్తం," అంది అమ్మ. "చంకనేసుకుని పెంచావు వాణ్ణి. ఇప్పుడు నోటికాడి కూడు లాగేస్తావా?"

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. వాడంటే ఆవిడకు ప్రాణం. ఆ ఉద్యోగం రావాలని అమ్మకంటే ఎక్కువగా కోరుకున్నది తనే. అయినా కలం తీయలేదు.

"పదండి," అంది. "నువ్వు వెనక ఎక్కమ్మా. బెల్టు పెట్టుకో."

స్కూలు వెనక ఖాళీ స్థలంలో, రోడ్డు దాటే చోటని గీసిన తెల్ల చారల మీద మూడు ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు నిలబెట్టింది. బడిపిల్లలంత ఎత్తున్నాయి అవి. వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని, రెండు కాళ్లూ ఎత్తి సీటు మీద మఠం వేసుకుంది.

"ఆ చారల ముందు ఆపు."

"ఇంతేనా?" అని వాడు హుషారుగా పోనిచ్చాడు. సగం దూరంలో ఒళ్లో ఉన్న ఫోను మోగింది. వాడి చూపు ఒక్క క్షణం కిందికి పోయింది. రోజూ అయితే అక్కడ కారు దానంతటదే ఆగేది. ఇవాళ ఆగలేదు. ఒక డ్రమ్ము ఎగిరి గోడ దగ్గర పడింది. మిగతా రెండూ కారు కింద పటపటా నలిగాయి.

"తొక్కలేదేం అక్కా?" అన్నాడు తమ్ముడు, కోపంగా.

"వ్యానులో నీ పక్కన నేను ఉండను."

అమ్మ మాత్రం వెనక నుంచి పట్టు వదలలేదు. "కంగారుపడ్డాడే. ఇంకొక్కసారి చూడు."

"డ్రమ్ములు కాబట్టి ఇంకొక్కసారి ఉందమ్మా."

కాగితం మోకాలి మీద పెట్టుకుని, 'ఇంకా నడపలేడు' అని స్పష్టంగా రాసి, కింద సంతకం చేసి అమ్మ చేతికిచ్చింది.

"సంతకం కావాలన్నావుగా, పెట్టాను."

అమ్మ చదివింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఇవాళ ఇంటికి భోజనానికి రాకు."

"వస్తాను. తిట్టుకుంటూ పెట్టు, తింటాను," అంది బ్రేకమ్మ కారు దిగుతూ. "వీణ్ణి మాత్రం రేపు ఆరింటికల్లా ఇక్కడికి పంపు. ఫోను నీ దగ్గరే ఉంచుకో."