కైరో రోలు, పేరు పోటీ

నేను ఒక ఇత్తడి రోలును. పుత్తడిని కాను గనుక ఎవరూ బీరువాలో దాచలేదు. మట్టిని కాను గనుక ఎవరూ పగలగొట్టలేదు. ఊరు కైరో. ఈజిప్టు రోలుకు తెలుగెలా వచ్చిందని కనుబొమలెగరేయకండి. నా ఒంట్లో సగానికి సగం నోరే. ఇంత నోరున్నదానికి ఇంకో భాష బరువా?

ఈజిప్టు అనగానే మీకు మమ్మీలు గుర్తుకొస్తాయని తెలుసు. నేనెరిగిన మమ్మీలందరూ బతికున్నవాళ్లే. వాళ్లు కట్లు కట్టించుకోరు, ఇంటిల్లిపాదికీ కట్టుబాట్లు పెడతారు. పిరమిడ్‌ను నేనింతవరకూ చూడలేదు. వంటింట్లో బతికేవాళ్లకు సొంత ఊరి వింతలు చూసే యోగం ఎక్కడిది?

రాగి, ఇత్తడి పనివాళ్ల వీధిలో, ఉస్తా బయ్యూమీ కొలిమిలో పుట్టాను. ఉస్తా అంటే పనిలో ఆరితేరిన మేస్త్రి. ఇంగ్లీషు సైన్యం వదిలిపోయిన ఫిరంగి గుళ్ల తొడుగులు, ఏదో మసీదు కుళాయి, ఎవరిదో పెళ్లినాటి పళ్లెం, అన్నీ కలిపి కరిగించి నన్ను పోతపోశాడు. అంటే నాలో కొంత యుద్ధం, కొంత భక్తి, కొంత సంసారం ఉన్నాయన్నమాట. వీటిలో ఏది ఎక్కువ మోగుతుందో పెళ్లైనవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒక పెళ్లికూతురి సారెలో సయ్యిదా జైనబ్ పేటకు వచ్చాను. ఆమె నుంచి ఆమె కూతురికి, ఆ కూతురి నుంచి ఆమె కూతురు గలీలాకు చేరాను. జీలకర్ర, ధనియాలు, నువ్వులు దంచి వీళ్లు ‘దుక్కా’ చేసుకుంటారు. మీ ఇంటి పొడులకు దూరపు చుట్టం. ములూఖియా అనే జిగురు ఆకుకూరలో వెల్లుల్లి తాలింపు పడేటప్పుడు వండే ఆవిడ ‘హా’ అని గట్టిగా ఊపిరి ఎగబీల్చాలి. లేకపోతే కూరకు రుచి రాదట. ఎందుకని అడిగినవాణ్ణి వంటింట్లోంచి తరిమేస్తారు. బయట రాజు పోయాడు, రిపబ్లిక్ వచ్చింది, నైలుకు పెద్ద ఆనకట్ట పడింది, యుద్ధాలప్పుడు కిటికీ అద్దాలకు నీలం రంగు పూశారు. లోపల వెల్లుల్లి మాత్రం వెల్లుల్లిలాగే ఉంది. మనుషుల్ని నూరేళ్లు బతకమని దీవిస్తారు చూడండీ, నాకూ ఆ దీవెన తగిలినట్టుంది. ఏళ్ల తరబడి నూరుతూనే ఉన్నాను.

అయితే నా అసలు పాత్ర వేరే ఉంది. పాత్రనై పుట్టాక నాకో పాత్ర ఉండదా?

బిడ్డ పుట్టిన ఏడో రోజున ఇక్కడ ‘సుబూ’ చేస్తారు. మీ బారసాల లాంటిదే. బిడ్డను పూలూ రిబ్బన్లూ చుట్టిన జల్లెడలో పడుకోబెట్టి, చెవి పక్కన నన్ను పెట్టి ఠంగు ఠంగుమని మోగిస్తారు. లోకంలోని రొదకు బెదిరిపోకుండా ఉండాలని. మోగిస్తూ బుద్ధులు చెబుతారు: “అమ్మ మాట విను! నాన్న మాట వినకు!” ఈ దేశంలో తండ్రుల పరువు ఏడోనాడే రోట్లో పడుతుంది.

గలీలా భర్త మెత్వల్లీ ట్రాము నడిపేవాడు. రిటైరయ్యాక రోజూ మధ్యాహ్నందాకా కింద కాఫీ అంగడిలోనే మకాం. వంట కాగానే గలీలా బాల్కనీలోకి వెళ్లి, “యా మెత్వల్లీ! కూర చల్లారిపోతోంది!” అని కేక వేసేది. వీధి వీధంతా ఆ కేక విని పొయ్యి మీద గిన్నె పెట్టుకునేది. కిందటేడు ఆయన పోయాడు. కూర చల్లారుతూనే ఉంది, కేక మాత్రం ఆగిపోయింది.

ఇంతలో కొడుకు ఫత్హీకి మగబిడ్డ పుట్టాడు.

“మెత్వల్లీ” అంది గలీలా, పురిటిగదిలో అడుగు పెడుతూనే.

“యాసీన్” అంది కోడలు దాలియా, కళ్లు కూడా తెరవకుండా.

ఇక్కడి కోడళ్లు అత్తగారిని ‘మామా’ అని పిలుస్తారు. అమ్మ అని దానర్థం. అత్తను మామా అనే ఊళ్లో చుట్టరికాలు మీరే సరిచూసుకోండి.

“మామా, బళ్లో పిల్లలు నవ్వుతారు. మెత్వల్లీ అంటే మీసాలతో పుట్టినట్టుంటుంది.”

“మొలవవా ఏం, ఎప్పటికైనా?”

“అయినా మామయ్యగారి పేరు ఎక్కడికి పోతుంది? యాసీన్ ఫత్హీ మెత్వల్లీ. బిడ్డ పేరు, తండ్రి పేరు, తాత పేరు. మనందరికీ అంతేగా!”

“ఆ మూడో పేరు పోలీసులకీ గుమాస్తాలకీ పనికొస్తుందే, పిచ్చిపిల్లా. బాల్కనీలోంచి ఎవరైనా మూడో పేరు పెట్టి పిలుస్తారా?”

అదీ ఆవిడ బాధ. ఈ నేలకు ఇది పాత పిచ్చే. పేరు పలికేవాళ్లున్నంతకాలం మనిషి పోడని వెనకటివాళ్లు నమ్మారు. అందుకే ఫరోలు కొండంత రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నారు. వెనక వచ్చినవాళ్లు కొందరు వాటిని చెరిపించి తమవి కొట్టించుకున్నారు. గలీలాకు రాయీ అక్కర్లేదు, ఉలీ అక్కర్లేదు. ఒక బాల్కనీ, పిలిస్తే పలికే ఒక పిల్లాడు చాలు.

ఫత్హీని అడిగారు. “మీ ఇద్దరికీ ఏది ఇష్టమైతే నాకూ అదే” అన్నాడు. అటూ ఇటూ ఒత్తిడికి కొవ్వొత్తిలా కరిగిపోయాడు పాపం.

చివరికి ఎదురింటి ఉమ్ షౌకీ, అంటే షౌకీ వాళ్లమ్మ, అడ్డం పడింది. “మీ నోళ్లకంటే మైనం నయం. కొవ్వొత్తుల్నే తేల్చనీండి.”

ఇది ఇక్కడి పాత ఆచారం. పేరుకో కొవ్వొత్తి వెలిగిస్తారు. ఏది ఎక్కువసేపు వెలిగితే బిడ్డకు ఆ పేరు, ఆ పేరుతో పాటు దీర్ఘాయువూ.

సుబూ నాడు గలీలా ముంజేతి లావు కొవ్వొత్తి తెచ్చింది. చల్లబడిన మైనం మెల్లగా కరుగుతుందని ఎవరో చెప్పగా దాలియా తన సన్న కొవ్వొత్తిని ముందురోజు నుంచీ ఫ్రిజ్‌లో బెండకాయల కింద దాచింది. ఉమ్ షౌకీ రెంటినీ పట్టి చూసింది. “ఇద్దరిదీ దొంగాటే కాబట్టి ధర్మం సమానంగానే ఉంది” అని తీర్పు చెప్పి అగ్గిపుల్ల గీసింది.

పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి, పప్పుగింజలు నానేసి, నడుమ మట్టికూజా పెట్టారు. కూజా భుజాన కొవ్వొత్తులు గుచ్చడానికి కన్నాలుంటాయి. దాలియా కొవ్వొత్తి అందులో బుద్ధిగా కూర్చుంది. గలీలాది పట్టలేదు. పళ్లెం అంచు మీద రెండు చుక్కల మైనం రాల్చి దాన్ని అక్కడే నిలబెట్టింది. పక్కనే జల్లెడ, జల్లెడలో బిడ్డ, బిడ్డ చెవి దగ్గర నేను.

రోకలి పట్టే హక్కు నానమ్మది. గలీలా గౌను చేతులు పైకి మడిచింది.

“నానమ్మ మాట విను!” ఠంగ్!

“ఇంకెవరి మాటా వినకు!” ఠంగ్!

“మామా, మెల్లగా” అంది దాలియా.

“తాత పేరు నిలబెట్టు!” ఠంగ్!

కొట్టింది ఆవిడ, మోగింది నేను, కదిలింది పళ్లెం. నిలబెట్టమన్న మాట నోట్లో ఉండగానే ఆ లావు కొవ్వొత్తి ఒక పక్కకు ఒరిగి, నీళ్లలో పడి, ఛుస్సుమని ఆరిపోయింది.

అందరి చూపూ పళ్లెం మీదే. బిడ్డ ఒక్కడే కాళ్లాడిస్తున్నాడు.

“మళ్లీ వెలిగించవే, ఇది లెక్కలోకి రాదు” అంది ఉమ్ షౌకీ.

“అవును మామా, వెలిగించు” అంది దాలియా. నిజంగానే అంది.

గలీలా తల అడ్డంగా ఆడించింది. “ఆరింది ఆరిందే. కొవ్వొత్తి మాట కాదంటే బిడ్డకు మంచిది కాదు.” తనే బిడ్డను ఎత్తుకుని, “యాసీన్!” అని అందరికీ వినబడేలా చెప్పి, ఇక్కడి ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ పెట్టే సంబరపు కేక పెట్టింది. ఆ కేక సగంలో విరిగింది. మిగతా సగం ఉమ్ షౌకీ అందుకుంది.

ఆ తర్వాత గలీలా బిడ్డకు స్నానం చేయించింది, జోకొట్టింది, వాడి కోసం మీ అర్ధరూపాయంత స్వెట్టరు అల్లింది. పేరు మాత్రం పలకలేదు. “ఇదిగో” అనేది. “బంగారం” అనేది.

ఒక మధ్యాహ్నం దాలియా నాలో ధనియాలు దంచుతూ దంచుతూ ఆగింది.

“మామా, వీణ్ణి పేరు పెట్టి పిలవవేం?”

“బంగారం అంటున్నాగా.”

“ఊరినిండా బంగారాలే. బాల్కనీలోకి వెళ్లి పిలువు.”

“ఏమని?”

“నీ నోటికి ఏది అలవాటో అది.”

“కొవ్వొత్తి తీర్పు...”

“కొవ్వొత్తి యాసీన్ అని రాయించమంది. ఇంకోలా పిలవొద్దని చెప్పలేదు.”

గలీలా చేతులు తుడుచుకుని బాల్కనీలోకి నడిచింది. బిడ్డ ఉన్నది లోపల ఉయ్యాలలో. ఆవిడ మొహం వీధివైపు. మొదటిసారి గొంతులోంచి గాలే వచ్చింది. రెండోసారి సయ్యిదా జైనబ్ పేట అదిరింది.

“యా మెత్వల్లీ!”

కింద కాఫీ అంగడిలో పాచికలు ఆగాయి. ఇస్త్రీ కొట్టువాడు పెట్టె పైకెత్తి పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. ఎవరో ముసలాయన, “అమ్మయ్య, భోజనాల వేళయింది” అని కుర్చీలోంచి లేచాడు.

ఇంట్లో దాలియా రోకలి నాలోనే వదిలేసి ఉయ్యాల మీదికి వంగింది.

“యాసీన్! నానమ్మ నిన్నే పిలుస్తోంది. పలకవేంరా?”

వాడు కేర్‌మన్నాడు.